ఫ్రీసెన్ వారిది ఏ ఊరు?



ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాసి ఇమ్మని కార్యదర్శి గారు రెండుసార్లు కబురు చేశారు. కొండపల్లి కోట గురించో, మొగల్రాజపురం గుహల గురించో రాస్తాననుకొని ఉంటారు. వాటి గురించి నాకంటె బాగా రాయగలవారు మన సంఘంలోనే ఉన్నారు. నేను రాయబోయేది ఒక ఇంటిపేరు గురించి. అది మన ఇంటిపేరు కాదు, మన దేశపుది కూడా కాదు. కాని గత ఆరు నెలలుగా దానిమీద మా ఇంట్లో జరిగినంత చర్చ మా ఆఫీసులో పే రివిజన్ మీద కూడా జరగలేదు.

సంగతేమిటంటే, మా పెద్దబ్బాయి కుటుంబం కెనడాలో విన్నిపెగ్ నగరంలో ఉంటున్నది. మనవరాలు అక్కడే చదివి అక్కడే ఉద్యోగంలో చేరింది. తనతో పనిచేసే అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానన్నది. పిల్లవాడి ఇంటిపేరు ఫ్రీసెన్. మావాడూ కోడలూ ఒప్పుకున్నారు. నేనూ, మా ఆవిడా కొంత తటపటాయించి ఒప్పుకున్నాం. ఒప్పుకోనిది అవనిగడ్డ దగ్గర ఉంటున్న మా అక్కయ్య. ఆమెకు 83 ఏళ్ళు. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఆమె రానిదే మా ఇంట్లో శుభకార్యం ఇంతవరకూ జరగలేదు.

ఫోనులో చెప్పగానే, "ఇంటిపేరు ఫ్రిజ్జేమిట్రా?" అన్నది. ఫ్రిజ్జు కాదు అక్కయ్యా, ఫ్రీసెన్ అన్నాను. "ఏదయితేనేం. ఏ ఊరువాళ్ళు? ఎక్కణ్ణించి వచ్చారు? అదీ తెలుసుకోకుండా పిల్లనిచ్చేస్తారా? నువ్వు ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళు చూశావుగదా, ఇదొక్కటి చూడలేవా?" అని ఫోను పెట్టేసింది.

నేను 1972లో ఇరిగేషన్ శాఖలో ఎల్.డి.సి.గా చేరి 2008లో సూపరింటెండెంటుగా రిటైరైనాను. అక్కయ్య మాటను ఆఫీసు మెమోగానే తీసుకున్నాను.

నిజానికి ఆ పేరు నాకు పూర్తిగా కొత్త కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో సాగర్ ఎడమ కాలువ పనుల్లో నల్లగొండ జిల్లాలో కొన్నేళ్ళు చేశాను. మా సెక్షన్‌లో ఒక పెద్దవయసు టైపిస్టు ఉండేవారు, నల్లగొండ బాప్టిస్టు కుటుంబంవారు. తమ తాతగారి కాలపు 'ఫ్రీసెన్ దొర' కబుర్లు చెప్పేవారు. దొర అంటే ఇంగ్లీషువాడనుకున్నాను. కాదు, రష్యా నుంచి వచ్చాడనేవారు ఆయన. అప్పట్లో నమ్మలేదు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజమే. అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా 1889లో దక్షిణ రష్యా నుంచి, అంటే నేటి ఉక్రెయిన్ నుంచి బయలుదేరి నిజాం రాజ్యానికి వచ్చారు. 1890లో నల్లగొండలో స్థిరపడ్డారు. ఇంట్లో మాట్లాడేది ఒక రకం జర్మను. పనిచేసింది అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషనులో. ఆరోగ్యం చెడి 1908లో వెళ్ళిపోయారు. వారి వెనుక అదే ప్రాంతం నుంచి ఊన్రూ, హ్యూబర్ట్, పెన్నర్, వీన్స్, హైన్‌రిక్స్ అనే ఇంటిపేర్లవారు వచ్చి సూర్యాపేట, జనగామ, భువనగిరి వైపుల పనిచేశారు. వీరందరూ మెన్నొనైట్లనే క్రైస్తవ శాఖవారు. రష్యా మనిషి, జర్మను మాట, అమెరికా మిషను. పేరు మాత్రం, పుస్తకాలు చూస్తే, హాలెండుది! విచారణ ఇక్కడ మొదలైంది.

హాలెండు అనగానే నా మనసు బందరుకు పోయింది. మన జిల్లావాడికి డచ్చివారంటే బందరే గదా. 1605లో వారి ఓడ బందరు చేరింది, మరుసటి ఏడు గోల్కొండ మహమ్మద్ కులీ కుతుబ్ షా నుంచి ఫర్మానా పొందారు. 1825లో తమ స్థావరాలను ఇంగ్లీషువారికి అప్పగించి పోయేదాకా, ఒడుదుడుకులతోనే అయినా, రెండు వందల ఏళ్ళకు పైగా ఈ తీరాన వ్యాపారం చేశారు. బందరులో వలందపాలెం ఉన్నది. 'వలందా' అంటే హాలెండే. బస్సెక్కి పోయి డచ్చి సమాధులు చూసి వచ్చాను. రాళ్ళమీద వంశచిహ్నాలు, పొడుగాటి డచ్చి అక్షరాలు. మోకాళ్ళ నొప్పులతో వంగి వంగి చూశాను. ఫ్రీసెన్ అనే పేరు కనబడలేదు. ఎండకు తిరిగి మజ్జిగ తాగి ఇంటికి వచ్చాను.

తరువాత తెలిసింది, అక్కడ వెతకడమే నా పొరపాటని. మెన్నొనైట్లు ఆయుధం పట్టరు, ఒట్టు పెట్టరు. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టినప్పుడు పెద్ద వాటాదారులలో పీటర్ లింట్‌గెన్స్ అనే మెన్నొనైటు వర్తకుడు ఒకడు. ఓడలకు ఫిరంగులు బిగించి యుద్ధాలకు పంపుతున్నారని, అది తన మతానికి సరిపడదని, కొద్ది ఏళ్ళకే తన వాటాలు అమ్మేసుకున్నాడు. ఇంచుమించు వారి ఓడ బందరు చేరిన రోజులలోనే! బందరుకు వచ్చిన డచ్చివారు వేరు, నల్లగొండకు వచ్చిన ఫ్రీసెన్ పూర్వులు వేరు. ఒక దేశంలో పుట్టి రెండు దారులు పట్టినవారు.

ఇక పేరు సంగతి. ఫ్రీసెన్ అంటే ఫ్రీస్‌లాండ్ వాడు అని అర్థం. ఫ్రీస్‌లాండ్ నేటి నెదర్లాండ్స్‌కు ఉత్తరపు కొసన సముద్రం పక్కనున్న సీమ. మన పాడిరైతులకు ఆ పేరు తెలియకనే తెలుసు. ఎచ్.ఎఫ్. ఆవు అంటామే, నలుపు తెలుపు మచ్చల ఆవు, హోల్‌స్టీన్ ఫ్రీజియన్, అందులోని 'ఎఫ్' ఈ ఫ్రీస్‌లాండే. ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. అక్కయ్య దొడ్లో పదేళ్ళపాటు ఎచ్.ఎఫ్. ఆవు ఉండేది.

కాని ఒక చిక్కు. ఫ్రీస్‌లాండ్‌లో అందరూ ఫ్రీస్‌లాండ్ వారే. అక్కడ ఒక మనిషిని ఆ పేరుతో పిలిస్తే ఎవరని గుర్తుపడతారు? దీనికి జవాబు మన ఇంటిపేర్లలోనే దొరికింది. ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా చేసిన బెజవాడ గోపాలరెడ్డి గారు పుట్టింది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెంలో. బెజవాడలోనే ఉండిపోయినవాణ్ణి బెజవాడవాడని ఎవరూ అనరు. ఊరు విడిచి పోయినవాణ్ణి, పోయినచోటి జనం ఆ ఊరిపేరుతో పిలుస్తారు. పేరు ఊళ్ళో పుట్టదు, పొలిమేర దాటాక పుడుతుంది. ఫ్రీసెన్ కూడా అంతే. ఆ పేరున్నదంటే పూర్వం ఎప్పుడో ఒకడు ఫ్రీస్‌లాండ్ విడిచిపెట్టాడన్నమాట. నెదర్లాండ్స్‌లోనే ఇతర సీమలకు పోయినవారికి 'డి వ్రీస్' అనే పేరు వచ్చింది. ఈనాడు ఆ దేశంలో బాగా ఎక్కువగా వినబడే ఇంటిపేర్లలో అదొకటి.

ఆ కాలంలో అక్కడ సామాన్యులకు స్థిరమైన ఇంటిపేర్లు లేవు. తండ్రిపేరే రెండో పేరు. యాన్ కొడుకు యాన్‌సెన్, విల్లెం కొడుకు విల్లెంస్. డిర్క్ విల్లెంస్ అని ఒక మెన్నొనైటు ఉండేవాడు. 1569 ప్రాంతాన మతం కారణంగా ఖైదు చేస్తే తప్పించుకొని గడ్డకట్టిన నీటిమీదుగా పరుగెత్తాడు. వెంటపడినవాడు మంచు విరిగి నీళ్ళలో పడ్డాడు. డిర్క్ వెనక్కి వచ్చి వాణ్ణి పైకి లాగాడు. తరువాత పట్టుబడి, సజీవదహనం పాలైనాడు. ఈ కథ ఇక్కడ అవసరం లేదని మా ఆవిడ అన్నది. నాకు మాత్రం వదలబుద్ధి కాలేదు. అందరూ ఇంటిపేరు రాయించుకోవాలని నెపోలియన్ 1811లో ఆజ్ఞ ఇచ్చేదాకా ఎంతోమందికి ఇలా తండ్రిపేరే గతి. చిత్రమేమిటంటే, దేశంలో ఉన్నవారిలో చాలామందికి లేని స్థిరమైన ఇంటిపేరు, దేశం విడిచిన ఫ్రీసెన్‌లకు అంతకుముందే స్థిరపడిపోయింది.

ఎందుకు విడిచారు? మెన్నో సైమన్స్ అనే ఆయన ఫ్రీస్‌లాండ్‌లోని విట్‌మార్సుం గ్రామంలో 1496 ప్రాంతాన పుట్టి, కతోలిక గురువుగా చేసి, 1536లో ఆ పదవి వదిలిపెట్టాడు. బాప్తిస్మం పసిబిడ్డలకు కాదు, తెలిసి కోరుకున్న పెద్దవారికే ఇవ్వాలన్నవారి పక్షం చేరాడు. మెన్నొనైటు అనే మాట ఆయన పేరుమీద వచ్చిందే. 1539లో ఆయనకు తలదాచుకోనిచ్చినందుకు ఒక రైతుకు మరణశిక్ష వేశారు. 1542లో చక్రవర్తి ఐదవ చార్లెస్, మెన్నోను పట్టి ఇచ్చినవారికి 100 గిల్డర్లు బహుమానం ప్రకటించాడు. అటువంటి చోట ఎవరుంటారు? పడవలెక్కి తూర్పుకు పోయారు. చాలామంది చేరినది పోలండు రాజ్యంలో డాంజిగ్ దగ్గర విస్టులా నది సముద్రంలో కలిసే చోటుకు. ఆ డాంజిగే నేటి గ్దాన్స్క్ నగరం.

ఇక్కడ మన పాఠకులు, ముఖ్యంగా ఇరిగేషన్ శాఖలో చేసినవారు, కొంచెం ఆగాలి. విస్టులా డెల్టా అంటే సముద్రమట్టానికి దిగువన కూడా పొలాలున్న బురదనేల. కట్ట వేయాలి, మురుగు తీయాలి, తీసిన నీళ్ళు ఎత్తి పోయాలి. ఆ విద్య ఫ్రీస్‌లాండ్, హాలెండు జనానికి పుట్టుకతో వచ్చినది. గాలిమరలతో నీరు తోడి, కట్టలు కట్టి, కాల్వలు తవ్వి, దీర్ఘకాలపు కౌలుమీద ఆ నేలను సాగులోకి తెచ్చారు. వీరి పెద్దలు చిత్తడినేలను శ్రమపడి, ఖర్చుపెట్టి సారవంతం చేశారని పోలండు రాజు 1642లో పత్రం రాసిచ్చాడు. మన డెల్టాకు ఆనకట్ట 1855లో వచ్చింది. ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. వారు అంతకు మూడు వందల ఏళ్ళ ముందునుంచీ కట్టల కింద కాపురం చేసినవారు. వారిలో 'డైక్' అని ఒక ఇంటిపేరు ఉన్నది. దాని అర్థం కరకట్ట!

ఇంకొక పేరు 'వీబ'. ఫ్రీస్‌లాండ్‌లో హార్లింగెన్ రేవునుంచి వచ్చిన ఆడం వీబ అనే ఇంజనీరు డాంజిగ్ నగరం కొలువులో ఉండి, 1644లో కోట బురుజుకు మట్టి మోయడానికి స్తంభాలమీద తాడు కట్టి, బుట్టలు వేలాడదీసి, గుట్టనుంచి నది దాటించాడు. ఈనాటి రోప్‌వేలకు అదే మొదలంటారు. ఆయుధం పట్టనివారికి కోటతో పనేమిటని నేను అడగను. పై ఆర్డరు సంగతి మనకు తెలుసు.

ఇక స్పెల్లింగు. పోలండు, ప్రష్యా రికార్డులలో ఫ్రీసెన్ అనే పేరు ఒక్క తీరుగా ఉండదు. వ్రీసెన్, ఫ్రీసె, ఫాన్ రీసెన్ అని రకరకాలు. 'ఫాన్ రీసెన్' అంటే జర్మనులో రీసెన్ అనే చోటినుంచి వచ్చినవాడని వినబడుతుంది. మొదట నేనూ రెండు వంశాలనుకొని రెండు కాగితాలమీద వేరువేరుగా రాసుకున్నాను. తీరా చూస్తే ఒకే కుటుంబాలవారిని ఒక చోట ఇలా, ఇంకో చోట అలా రాశారు. దీనికి కారణం పండితులను అడగనవసరం లేదు, నన్నడగండి. పేరు చెప్పేది ఒకడు, రాసేది ఇంకొకడు. డచ్చి నోటినుంచి వచ్చినదాన్ని జర్మను గుమాస్తా తన చెవికి తోచినట్టు రాశాడు.

ఈ సందర్భంలో నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగం కొత్తలో ఒక కాలువ లస్కరు పేరును సర్వీసు రిజిస్టరులో ఎక్కించాను. అతను చెప్పిన ఇంటిపేరు నాకు సరిగా వినబడలేదు. మళ్ళీ అడగడం బద్ధకమై, తెలిసిన ఇంటిపేరు ఒకటి రాసేశాను. అతను నిశాని. ఇరవై ఏళ్ళ తరువాత అతను పోయాడు. కుటుంబ పెన్షనుకు భార్య వస్తే, రేషనుకార్డులో ఒక ఇంటిపేరు, రిజిస్టరులో ఇంకొకటి. అప్పటికి నేను ఆ ఆఫీసులో లేను. కొడుకు నన్ను వెతుక్కుంటూ బెజవాడ వచ్చాడు. నేనే రాశానని వాంగ్మూలం ఇచ్చాను. అయినా కాగితం తేలడానికి 14 నెలలు పట్టింది. ఆ 14 నెలలు ఆ ఇల్లాలు ఏం తిన్నదో నేను అడగలేదు. ఫాన్ రీసెన్ అని రాసిన ఆ జర్మను గుమాస్తాను చూస్తే నాకు కోపం రాదు.

తరువాతి కథ త్వరగా చెబుతాను. రెండు వందల ఏళ్ళు గుడిలో డచ్చిమాటే వాడి, 18వ శతాబ్దపు రెండో సగంలో జర్మనుకు మారారు. 1772లో పోలండు ముక్కలై ప్రష్యా రాజు పాలన వచ్చింది. సైన్యంలో చేరనివారు కొత్తగా భూములు కొనడానికి అడ్డంకులు పెట్టారు. రష్యా రాణి కాథరీన్ భూములిస్తాం రమ్మన్నది. 1789లో నీపర్ నది ఒడ్డున 228 కుటుంబాలతో మొదటి వలస ఊళ్ళు వెలిశాయి. 1804లో మొలొచ్నా నది దగ్గర ఇంకొన్ని. నల్లగొండ ఫ్రీసెన్ ఆ మొలొచ్నా ఊళ్ళవాడే. అక్కడ కూడా సైనిక చట్టం వచ్చేసరికి 1874 నుంచి వేలమంది అమెరికా, కెనడాలకు పోయారు. విన్నిపెగ్ చుట్టుపక్కల మెన్నొనైటు ఊళ్ళు అప్పుడు మొదలైనవే. విప్లవం తరువాత, 1920లలో మరో 20,000 మంది దాకా కెనడా చేరారు. మా పెళ్ళికొడుకు ముత్తాత ఈ రెండో విడతవాడు.

అమెరికాకు పోయినవారిలోనుంచి మళ్ళీ మన తెలుగు దేశానికే వచ్చినవారున్నారు. ఎన్.ఎన్. హీబర్ట్ అనే ఆయన 1899లో హైదరాబాదు రాజ్యానికి వచ్చాడు. అదే ఇంటిపేరుగల పాల్ హీబర్ట్ 1932లో శంషాబాదులో పుట్టి మానవశాస్త్రజ్ఞుడై, కొండూరు అనే తెలంగాణ గ్రామంమీద 1971లో పెద్ద గ్రంథమే ప్రచురించాడు. మనం వారి ఇంటిపేర్ల అర్థం వెతుకుతుంటే, ఆయన మన కులాల, వృత్తుల అల్లిక వెతికాడు.

పిల్లవాడి నాయనమ్మ ఇదంతా విని సంతోషించి, తమ వంశావళి పుస్తకం నకలు పంపించారు. మెన్నొనైట్లకు పది లక్షలకు పైగా పేర్లున్న ఉమ్మడి వంశావళి జాబితా ఒకటున్నది. దాని పొట్టిపేరు 'గ్రాండ్మా', అంటే నాయనమ్మే! ఆమె పంపిన పుస్తకంలో కొడుకు, తండ్రి, తాత అనుకుంటూ పైకి పోతే విస్టులా డెల్టాలో ఒక రైతు దగ్గర ఆగింది. 1776లో ప్రష్యా ప్రభుత్వం మెన్నొనైటు ఇళ్ళ యజమానులందరినీ జాబితా రాయించింది. మన అడంగల్ వంటిదే అనుకోండి. ఆ జాబితా నాటి మనిషి ఆయన. అక్కణ్ణించి ఫ్రీస్‌లాండ్ దాకా ఉన్న రెండు వందల ఏళ్ళకు వారింట్లో మిగిలిన సాక్ష్యం ఆ పేరొక్కటే.

ఇదంతా ఎనిమిది అరఠావులు రాసుకొని, ఉగాది వెళ్ళాక అక్కయ్య దగ్గరకు పోయాను. వరండాలో కూర్చొని చదివి వినిపించాను. ఆవు సంగతికి నవ్వింది. మతం సంగతి వచ్చినప్పుడు మొహం తిప్పుకొని వక్కలు కత్తిరించుకుంటున్నది. ఉప్పెన సంగతి దగ్గర కత్తెర ఆగింది.

1570 నవంబరు 1న ఉత్తర సముద్రం కట్టలు తెంచుకొని ఫ్రీస్‌లాండ్‌మీద పడింది. ఆ తీరమంతా కలిపి వేలమంది పోయారు. తరువాత కట్టలు మళ్ళీ గట్టిగా కట్టించినవాడు కాస్పర్ డి రోబ్లెస్, స్పెయిన్ రాజు తరఫు గవర్నరు. మెన్నొనైట్లను చంపించిన రాజ్యం మనిషే. అయినా హార్లింగెన్ దగ్గర కట్టమీద 1576లో ఆయన గౌరవార్థం రాతిస్తంభం నిలిపారు, అది ఇప్పటికీ ఉన్నది. మనం కాటన్ దొరకు విగ్రహాలు పెట్టలేదూ! బందరును సముద్రం ముంచి 30,000 మందిని పొట్టన పెట్టుకున్నది 1864లో. ఆ తేదీ కూడా నవంబరు 1.

అక్కయ్యకు ఆ తేదీలు అక్కరలేదు. ఆమె తేదీ 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెనలో ఆమె అత్తగారు కొట్టుకుపోయారు. ఇద్దరు పిల్లల్ని చంకనేసుకొని బడి డాబామీద రాత్రంతా నిలబడ్డది. ఇల్లు, పొలం కాగితాలు, పెళ్ళి ఫొటోలు ఏవీ మిగల్లేదు.

చాలాసేపు ఊరుకొని, "వాళ్ళకీ ఉప్పెనొచ్చిందా?" అన్నది.

"వచ్చింది అక్కయ్యా, చాలాసార్లు."

"ఊరు వదిలేసి పోయింది అందుకేనా?"

"కాదు, మనుషులు తరిమితే పోయారు. పోయి మళ్ళీ కట్ట పక్కనే కాపురం పెట్టారు."

"మరెక్కడ పెడతారు, తెలిసిన పని అదేగా," అని వక్క నోట్లో వేసుకున్నది. పెళ్ళి సంగతి ఏమీ అనలేదు. నేను బస్సుకు లేచినప్పుడు మాత్రం, "కార్డుమీద వాళ్ళ ఇంటిపేరు కూడా తెలుగులో వేయించు. మనవాళ్ళు చదువుకోవద్దూ," అన్నది.

మొన్న గవర్నరుపేట ప్రెస్సునుంచి శుభలేఖ ప్రూఫు వచ్చింది. 'ఫ్రీజన్ వారి' అని కంపోజు చేశారు. ఎర్ర పెన్నుతో కొట్టేసి 'ఫ్రీసెన్' అని దిద్ది, పక్కన పొడి సంతకం చేసి, కుర్రవాడి చేత పైకి ఒకసారి చదివించి మరీ పంపాను.